జంటగా రాని మూలం

1984 జూన్‌లో నేను బొంబాయిలో నాగ్‌పాడా దగ్గరున్న ఒక జూనియర్ కాలేజీలో గణితం లెక్చరర్‌గా చేరాను. అంతకుముందు నల్గొండలో కొన్నాళ్లు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పాను. మావారికి బ్యాంకులో బదిలీ అయితే సామాను సర్దుకుని వెంట వచ్చాను. ఆ ఊళ్లో జూనియర్ కాలేజీ అంటే పదకొండు, పన్నెండు తరగతులు. లెక్చరర్ అనే మాట వినడానికి దర్జాగానే ఉంటుంది. విభాగంలో అందరికంటే ఆఖరున చేరినదాన్ని కాబట్టి సుద్దముక్కల డబ్బా తెప్పించడం, బీరువాకు తాళం వేయడం, జవాబు పత్రాల కట్టలు మోసుకెళ్లి అప్పగించడం కూడా అంతే దర్జాగా నేనే చేసేదాన్ని.

మా విభాగాధిపతి కర్ణిక్ సర్. తెల్ల చొక్కా మీద ఒక్క సుద్ద మరక పడకుండా పీరియడంతా బోర్డు నింపగల మరాఠీ పెద్దమనిషి. ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు, పెంచాల్సిన అవసరమూ ఆయనకు రాలేదు. ప్రిలిమ్ పేపరు ఏటా ఆయనే తయారుచేసేవారు. ప్రిలిమ్ అంటే పన్నెండో తరగతి బోర్డు పరీక్షకు ముందు కాలేజీ సొంతంగా పెట్టుకునే పరీక్ష. అందులో గట్టెక్కినవాళ్ల దరఖాస్తులనే మా కాలేజీ బోర్డుకు పంపేది. తప్పినవాళ్లు ఇంకో ఏడాది అవే బెంచీల మీద కూర్చోవాలి. అటూ ఇటూగా ఉన్నవాళ్లను పంపాలా వద్దా అనేది ఆయా సబ్జెక్టు విభాగాధిపతి ఇష్టం. ప్రిన్సిపాల్ కూడా అందులో వేలు పెట్టేవారు కాదు.

మా దగ్గర చదివేవాళ్లలో కామాటిపుర తెలుగు చాళ్ల పిల్లలు చాలామందే ఉండేవారు. చాల్ అంటే వరసగా ఒంటి గదుల కాపురాలుండే మేడ. కామాటిపుర అనగానే వేశ్యావాటిక అని పెదవి విరిచేవాళ్లంటే నాకు ఒళ్లుమండేది. ఆ పేటకు ఆ పేరు వచ్చింది కామాటీల వల్ల, అంటే రాళ్లు మోసి, సున్నం కలిపి, ఈ నగరం గోడలు లేపిన మనవాళ్ల వల్ల. వాళ్ల మనవలు ప్యూన్లు, గుమాస్తాలు, కరెంటు పనివాళ్లు అయ్యారు. నా తెలుగు వాళ్లకు రేడియోలో వార్తలు చదివినట్టుండేది. వాళ్ల తెలుగులో సగం మరాఠీ, పావు హిందీ ఉండేవి. మొదటి నెలంతా ఒకరి మాటకు ఒకరం నవ్వుకున్నాం, తర్వాత అలవాటైపోయింది.

వాళ్లలో ఒకతె భాగ్య. మిగతా పిల్లలకంటే వయసులో పెద్దది, మెడలో పుస్తెలతాడుతో క్లాసుకు వచ్చేది. పదో తరగతి కాగానే పెళ్లయింది. భర్త శంకర్ వర్లిలో మిల్లు కార్మికుడు. మిల్లు మూతపడ్డాక అతను దొరికిన పనల్లా చేస్తుంటే, ఈమె మళ్లీ పుస్తకాలు పట్టింది. దానికి కారణం ఒక ఉద్యోగం. శంకర్‌కు తెలిసిన ఒక ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్ స్థానం ఖాళీ ఉంది. ఇంజనీర్లు పెన్సిల్‌తో గీసిన నక్షాలను పలచని ట్రేసింగ్ కాగితం మీదికి ఇంకుతో దించే పని అది. భాగ్య గీసిన గీతలు చూసి వాళ్లు సరేనన్నారు. షరతు ఒక్కటే, గణితంతో పన్నెండు పాసై ఉండాలి. వాళ్ల వయోపరిమితి ప్రకారం ఆమెకు అదే ఆఖరి ఏడాది. ఈసారి తప్పితే ఉద్యోగం తప్పినట్టే.

ఆమె అత్త పోశవ్వ ఆ చాల్‌లో పెద్ద తలకాయ. ఎవరింట్లో పెళ్లయినా పిలుపుకు పోశవ్వ ఉండాల్సిందే. శుభలేఖలు అచ్చు వేయించేవాళ్లు గానీ అవి గోడకు తగిలించుకోవడానికే. అసలు పిలుపు నోటితో జరగాలి. కుంకుమ భరిణె పట్టుకుని ప్రతి ఖోలి గడపకూ వెళ్లి, బొట్టు పెట్టి, పిలుపు మాట చెప్పాలి. ఖోలి అంటే వాళ్ల ఒంటి గది ఇల్లు. ‘ఇంటికొక్కరు రావాలె’ అంటే ఒకటి, ‘జంటగ రావాలె’ అంటే ఇంకొకటి, ‘చూలాబందు’ అంటే ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించకుండా పిల్లాజెల్లాతో సహా అందరూ రావాలని. ఒక మాటకు బదులు ఇంకో మాట చెబితే రెండు కుటుంబాల మధ్య తరాల పాటు మాటలుండవు. అందుకే ఆ పని పోశవ్వకు తప్ప ఎవరికీ అప్పగించేవారు కాదు.

ఇక లెక్క సంగతికి వస్తాను. i అంటే దాన్ని దానితోనే గుణిస్తే మైనస్ ఒకటి వచ్చే సంఖ్య. మామూలు సంఖ్యల్లో అలాంటిది లేదు కాబట్టి కల్పితం అన్నారు. 2+i వంటిది సంకీర్ణ సంఖ్య. అందులో i ముందున్న గుర్తు మార్చి 2−i అని రాస్తే, అది మొదటిదానికి సంయుగ్మం. ఒక బహుపదిలో x బదులు పెట్టినప్పుడు దాన్ని సున్నా చేసే విలువను దాని మూలం అంటాం. బహుపదిలో గుణకాలన్నీ, అంటే x ల ముందున్న సంఖ్యలన్నీ i లేని వాస్తవ సంఖ్యలైతే, 2+i మూలమైనప్పుడు 2−i కూడా మూలమై తీరుతుంది. ఇదీ సిద్ధాంతం.

నేను ఇది చెప్పిన రోజు క్లాసయ్యాక భాగ్య నా వెంటే మెట్లు దిగింది. “మేడం, గిది మా అత్త పిలుపు లెక్కనే ఉన్నది. మొగుడొస్తే పెండ్లాం రావాలె, పెండ్లామొస్తే మొగుడు రావాలె. జంట పిలుపు!” అంది. ముఖం వెలిగిపోతోంది. అంతవరకూ సంకీర్ణ సంఖ్యలంటే బిక్కమొహం వేసే మనిషి ఒక్క పోలికతో ఒడ్డున పడింది కదా అని నేనూ సంతోషించాను. ఆ తర్వాత ఇచ్చిన లెక్కలన్నీ టకటకా చేసి పడేసింది.

1986 జనవరిలో ప్రిలిమ్ జరిగింది. కర్ణిక్ సర్ ఇచ్చిన ఒక ప్రశ్న ఇది: x² − (5+i)x + (6+3i) = 0 అనే సమీకరణానికి 2+i ఒక మూలం. రెండోది కనుక్కోండి. ఇందులో గుణకాల్లోనే i కూర్చుని ఉంది. సిద్ధాంతం దీనికి వర్తించదు. x² గుణకం 1 అయిన వర్గ సమీకరణంలో మూలాల మొత్తం x గుణకానికి గుర్తు మార్చినంత ఉంటుంది, అంటే ఇక్కడ 5+i. అందులోంచి 2+i తీసేస్తే మిగిలేది 3. రెండో మూలం అదే. చూస్తే అర నిమిషం పని. చూడకుండా జంట రాసేవాళ్లను పట్టుకోవడానికే ఆయన ఆ ప్రశ్న పెట్టారు.

చాలామంది 2−i అని రాసి చేతులు దులుపుకున్నారు. భాగ్య అక్కడితో ఆగలేదు. 2−i అని రాసింది. మొత్తం కట్టి చూసింది, 4 వచ్చింది. లబ్ధం కట్టి చూసింది, 5 వచ్చింది. ప్రశ్నలో ఉన్నవాటితో అవి కలవలేదు. అప్పుడేం చేయాలి? తన జవాబు తప్పేమోనని అనుమానించాలి కదా. ఈ మహాతల్లి, “ప్రశ్నలో అచ్చుతప్పు ఉన్నది. సరైన సమీకరణం x² − 4x + 5 = 0” అని రాసి, కింద స్కేలుతో గీత గీసి, “దయచేసి సరిచూడగలరు” అని మర్యాదగా ముగించింది.

కర్ణిక్ సర్ ఆ పత్రాన్ని నా బల్ల మీద పెట్టి, ఎదురుగా నిలబడ్డారు. చదివి నాకు నవ్వాగలేదు. ఆయన మొహం చూశాక ఆగింది. లెక్క రానివాళ్లను తాను క్షమిస్తానని, పరీక్ష హాల్లో కూర్చుని ప్రశ్నపత్రాన్ని దిద్దేవాళ్లను మాత్రం క్షమించనని అన్నారు. ఆ ఒక్క ప్రశ్నకు మార్కులు పోవడంతోనే భాగ్య అంచుకు అవతల పడింది. చెయ్యి అందించగలిగిన మనిషి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. బోర్డుకు పంపేవాళ్లలో ఆమె పేరు లేదు.

ఆ సాయంత్రం నేను కామాటిపుర వెళ్లాను. వాళ్ల ఖోలిలో భాగ్య ఒక మూల మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది. పోశవ్వ స్టవ్ మీద చాయ్ పెట్టింది. నన్ను చూడగానే మొదలుపెట్టింది. “రా పంతులమ్మా, కూసో. నా కోడలు తప్పు రాసిందంటున్నరు. ఆ సారే తప్పు రాసిండేమో ఎవరికెరుక? గల్తీ ఎవలకు కాదు?” సర్ రాసింది తప్పు కాదని నేను చెప్పాను. ఆమె గ్లాసులు కొంచెం గట్టిగా కింద పెట్టింది.

“ఇగ చదువు బస్ మేడం. శంకర్‌తోని బిల్డింగు పనికి పోత,” అంది భాగ్య. ఏడవకుండా చెప్పింది, అందుకే వినలేకపోయాను. సన్నటి గీత అదురులేకుండా గీయగలిగిన ఆ చేతులు తట్ట మోయడమేమిటని నాకు కోపం వచ్చింది. ఎందుకమ్మా ప్రశ్నను దిద్దావు అని కసిరాను. ఆమెకు ఇంకా తన తప్పేమిటో తెలియలేదు. “జంటల ఒక్కరినే పేరు పెట్టి పిలిచే ఇల్లు ఉంటదా మేడం? అందుకే అచ్చు తప్పనుకున్న,” అంది.

అది విని నేను పోశవ్వ వైపు తిరిగి, పిలుపులో ఎప్పుడూ జంటనే పిలవాలా అని అడిగాను. ఆమెకు నా లెక్కలతో పనిలేదు గానీ పిలుపు మాట ఎత్తితే ఎంతసేపైనా చెబుతుంది.

“ఎందుకు పిలవాలె? పిలిచేది కొత్త ఇంటోళ్లయితే జంటనే పిలవాలె. వాళ్లకు ఈ ఇద్దరిల ఎవలు ఎవలో సమజ్ కాదు కదా, ఒక్కరిని పిలిస్తె రెండోళ్లకు మనసుల పడ్తది, మాటొస్తది. తెలిసిన ఇల్లయితే అట్ల లేదు. ఆడిబిడ్డ ఇంట్ల నుంచి పిలుపొస్తె ‘వదినె నువ్వొక్కదానివి రా’ అంటది. ఎవలు ఏమంటరు? ఆమెకు ఈమె ఎవలో ఎరుకే.” అంతా చెప్పి, పిలిచేటోళ్లను బట్టి పిలుపు ఉంటుందని, అందరికీ ఒక్క మాట చెప్పేవాళ్లు పిలుపుకు పనికిరారని తీర్పు ఇచ్చింది.

నేను భాగ్య పక్కన నేల మీద కూర్చుని నోట్సు వెనక పేజీలో రాసి చూపించాను. i వర్గం మైనస్ ఒకటి. మైనస్ i వర్గం కూడా మైనస్ ఒకటే. గుణకాల్లో ఎక్కడా i లేని సమీకరణానికి ఈ ఇద్దరిలో ఎవరు ఎవరో గుర్తుపట్టే దారి లేదు. ఒకరు సరిపోయారంటే రెండోవారూ సరిపోవాల్సిందే. అందుకే జంట. సమీకరణంలోనే i ఉందంటే దానికి i వేరు, మైనస్ i వేరు. ఒక్కరిని పిలవగలదు. భాగ్య కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. “అంటె i లేని సమీకరణం కొత్తిల్లు. i ఉన్నది తెలిసిన ఇల్లు,” అంది మెల్లగా. అంతవరకూ నేనిచ్చిన ఏ నిరూపణా ఆ మాటంత శుభ్రంగా లేదు.

పోశవ్వకు ఏం అర్థమైందో గానీ పకపకా నవ్వింది. “అంటే ఏంది, వాళ్ల ఇంటికి పోయి, నీ పిలుపు తప్పున్నది, నేను దిద్దుత అని చెప్పొచ్చినవా? అగో, ఆ సారుకు కోపం రాకుంట ఉంటదా!” భాగ్య కూడా నవ్వేసింది. ఆ రోజు ఆమె నవ్వడం అదే మొదలు.

మర్నాడు కర్ణిక్ సర్‌ను పట్టుకున్నాను. విభాగాధిపతికి అనుమానం ఉన్న విద్యార్థిని నల్లబల్ల ముందు నిలబెట్టి మౌఖికంగా మళ్లీ పరీక్షించే అధికారం ఉంది. అలా పరీక్షించిన ఫలితాన్ని అందరూ ఒప్పుకోవాలి. ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. చివరికి, ఒక్క ప్రశ్న, అదీ తానే ఇస్తానన్నారు. నేను వెనక బెంచీలో కూర్చోవచ్చు, నోరు మెదపకూడదు.

వరండాలో భాగ్యకు ఆఖరి జాగ్రత్త చెప్పాను. గుణకాల్లో i కనిపించిందా, జంట మాట మర్చిపో అన్నాను. ఆమె తల ఊపింది.

కర్ణిక్ సర్ ఖాళీ క్లాసులో బోర్డు మీద తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు: ix² − 4ix + 5i = 0. ఒక మూలం 2+i. రెండోది చెప్పు.

గుణకాలన్నింట్లో i ఉంది. నేను చెప్పిన మాట పట్టుకుంటే ఆమె జంట రాదని అంటుంది. కానీ ఈ సమీకరణానికి రెండో మూలం అచ్చంగా 2−i. ఎంత పకడ్బందీగా పన్నారయ్యా ఉచ్చు అనుకున్నాను. అరవలేను, దగ్గలేను. బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను.

భాగ్య సుద్దముక్క తీసుకుని బోర్డు ముందు నిలబడింది. వాళ్లిద్దరి మధ్య మాటలు హిందీలో జరిగాయి. “సర్, i ఉన్నది కాబట్టి జంట వస్తదని రూలు చెప్పది,” అంది. కర్ణిక్ సర్ తల పంకించారు. ఆమె ఆగింది. “రాదని కూడ చెప్పది సర్. లెక్క చేసి చూడాలె.”

ఆ రెండో మాట నేను నేర్పింది కాదు. మూలాల మొత్తం రాసింది: 4i ని i తో భాగిస్తే 4. అందులోంచి 2+i తీసేసింది. 2−i మిగిలింది. లబ్ధం కూడా కట్టింది, 5 వచ్చింది, సరిపోయింది. అప్పుడు కర్ణిక్ సర్, గుణకాల్లో i ఉన్నా జంట ఎందుకు వచ్చిందని అడిగారు.

ఆమె సమీకరణం కేసి తేరిపార చూసింది. “అందరి నెత్తి మీద ఒక్కటే i ఉన్నది సర్. అంతటా ఉన్నదంటే లేనట్టే. భాగిస్తె పోతది.” డస్టర్ తీసుకుని మూడు చోట్లా i తుడిచేసింది. బోర్డు మీద మిగిలింది x² − 4x + 5 = 0. తాను ప్రిలిమ్‌లో ఆయన ప్రశ్నను ‘దిద్ది’ రాసిన సమీకరణం! భాగ్య చెయ్యి అలాగే ఆగిపోయింది. వెనక్కి తిరిగి ఆయన్ను చూసింది. ఆయన మొహంలో మొదటిసారి నవ్వులాంటిదేదో కనిపించింది.

ఈ ప్రశ్నలో అచ్చుతప్పు ఉందా అని అడిగారు ఆయన. లేదు సర్ అంది. మరి ఆ రోజు ప్రశ్నలో? “ఆ రోజు కూడ లేకుండె సర్. తప్పు నాదే,” అంది. ఆయన అక్కడే దరఖాస్తు మీద సంతకం చేసి నా చేతికిచ్చారు. తలుపు దాకా వెళ్లి ఆగి, తప్పు జవాబును సరిచూసుకునే ఓపిక ఉన్నవాళ్లు తన సర్వీసులో తక్కువమంది కనిపించారని, జంట రాసిన మిగతావాళ్లెవరూ ఆ రోజు మొత్తం కట్టి చూడలేదని చెప్పి వెళ్లిపోయారు. నేను భాగ్య వీపు మీద ఒక్కటి చరిచాను. ఆనందం పట్టలేకపోయాను మరి.

మార్చిలో బోర్డు పరీక్ష రాసింది. గొప్ప మార్కులేం రాలేదు, పాసయింది. వర్షాకాలంలో ట్రేసర్‌గా చేరింది.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా సంయుగ్మాల పాఠం చాలాసార్లు చెప్పాను. ‘గుణకాలన్నీ వాస్తవ సంఖ్యలైతే’ అన్న షరతును బోర్డు మీద ముందు రాసి, సిద్ధాంతాన్ని తర్వాత రాసేదాన్ని. షరతు లేని చోట సిద్ధాంతం మౌనంగా ఉంటుంది. ఆ మౌనాన్ని అవునని అనుకోవడం భాగ్య చేసిన తప్పు. కాదని అనుకోమనడం వరండాలో నేను చెప్పిన పాఠం. రెండింట్లో ఏదైనా మనిషిని ఒకే చోట ముంచుతుంది. అక్కడ మిగిలే దారి ఒక్కటే, లెక్క చేసి చూడటం.